కిటికీ బయటి బెంచీ

జూన్ 3, సోమవారం

పాస్టరు నా సాక్ష్యాన్ని తిప్పి ఇచ్చేశాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం నాకు బాప్తిస్మం. ఆ రోజు నీళ్ల తొట్టిలోకి దిగే ముందు సంఘం ఎదుట నిలబడి నా పాత బతుకేమిటో, దాన్ని ఎందుకు వదులుకుంటున్నానో చెప్పాలి. చెప్పబోయేది ముందుగా కాగితం మీద రాసి ఆయనకు చూపించాలట. ఇదివరకు ఎవరో సాక్ష్యం మొదలుపెట్టి చివరికి ఒక సినిమా కథ మొత్తం చెప్పేశాడని, అప్పటినుంచి ఈ నియమం పెట్టాడు.

నేను పన్నెండు పేజీలు రాసి ఇచ్చాను. జీవితమంతా ఒక పెద్ద గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు కట్టినవాణ్ణి. కుట్టే ముందు ప్రతి పుస్తకమూ చదివినవాణ్ణి. పన్నెండు పేజీలు నాకొక లెక్కా? మంచి ఎత్తుగడ, మధ్యలో బిగువు, చివర మెరుపు, అన్నీ కుదిరాయి.

పాస్టరుకు ముప్ఫై దాటాయో లేదో. నన్ను తాతగారూ అంటాడు. ఎర్ర పెన్సిలు చెవి మీద పెట్టుకుని, నవ్వు ఆపుకుంటూ అన్నాడు:

"తాతగారూ, మీ పాపాలు రాయమన్నాను. మీరు అందరి పాపాలూ రాశారు."

"నేనొక్కణ్ణే చేశానా బాబూ? ఒంటి చేత్తో చప్పట్లు మోగుతాయా?"

"మీ చెయ్యి సంగతి మీరు చెప్పండి. రెండో చేతివాళ్లు వాళ్ల వంతు వచ్చినప్పుడు చెప్పుకుంటారు."

మూడో పేజీలో మా గ్రంథాలయాధికారి ఉన్నాడు. చదవని పుస్తకాలకు ముందుమాటలు రాసేవాడు. పాస్టరు ఆ పేజీ కొట్టేశాడు. అయిదో పేజీలో పాటల బృందాన్ని నడిపే, నేను గాలివాన అని పేరు పెట్టిన ఆయన ఉన్నాడు. శ్రుతి ఒక వైపు పోతే ఈయన ఇంకో వైపు పోయి, మధ్యలో మనందరినీ తడిపేస్తాడు. అదీ కొట్టేశాడు. ఇవన్నీ నవ్వుతూనే కొట్టాడు. ఏడో పేజీకి వచ్చేసరికి నవ్వలేదు. పేజీకి అడ్డంగా ఒకే గీత, ఆ మూల నుంచి ఈ మూలకు.

ఏడో పేజీ నిండా లవంగం ఉన్నాడు.

జూన్ 4

సిగరెట్టు మానేసి ఎన్ని రోజులైందో నేను లెక్కపెట్టడం లేదు.

ఇది అబద్ధం.

జూన్ 5

ఏడో పేజీని ఇక్కడ మళ్లీ రాసుకుంటాను. దానితో పనుండి కాదు. రాసుకుంటే బాగుంటుంది.

లవంగం అంటే మా బావమరిది, మా ఆవిడ తమ్ముడు, ఈ సంఘానికి పెద్ద. ప్రభు భోజనంలో రొట్టె పంచే చెయ్యి. ఎప్పుడూ బుగ్గలో ఒక లవంగం ఉంటుంది. పంటినొప్పి కాబోలని అందరూ జాలిపడతారు. ఆ పేరు పెట్టింది నేను. ఎందుకు పెట్టానో నాకూ వాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

మా ఆవిడ ప్రతి ఆదివారం చర్చి లోపల ఉండేది. నేను పుస్తకం పట్టుకుని బయట, పక్క గోడ దగ్గర, కిటికీ కింద సిమెంటు బెంచీ మీద ఉండేవాణ్ణి. పెళ్లయిన నాటి నుంచీ అంతే. లోపల ప్రసంగం మొదలుకాగానే పక్క తలుపులోంచి వీడు బయటికి వచ్చేవాడు. నా పెట్టెలోంచే ఒక సిగరెట్టు తీసుకునేవాడు. చివరిదాకా కాల్చి, లవంగం బుగ్గన పెట్టుకుని, ముగింపు ప్రార్థనకి తలవంచుకుని లోపలికి వెళ్లేవాడు. ఏళ్లతరబడి. నేను ఎవరితోనూ అనలేదు.

నాలుగేళ్ల కిందట మా ఆవిడ పోయింది. భూస్థాపన ఆరాధనలో వీడు లేచి నిలబడి, నిండు చర్చిలో అన్నాడు: "మా అక్క ప్రార్థనంతా ఒక్కటే. బయట కూర్చున్న మనిషి లోపలికి రావాలని. ఆ మనిషి రాలేదు."

అందరూ వెనక్కి తిరిగి నన్ను చూశారు. గాలివాన కూడా చూశాడు.

నేను లేచి బయటికి వచ్చేశాను. ఏ పుస్తకాన్నీ సగంలో వదిలిన పాపాన పోలేదు. మనుషుల్ని మాత్రం సగంలోనే వదిలేస్తాను. ఆ రోజు నుంచి వాడితో మాట లేదు.

పాస్టరుకు కావాల్సిన కాగితం పాస్టరుకు ఇస్తాను. ఏడో పేజీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజు కాగితం మడిచాక నోటితో చెబుతాను. ఒక్కసారి నీళ్లలోకి దిగాక ఇలాంటివి చెప్పకూడదట. దిగకముందు చెప్పకూడదని ఎవరూ అనలేదు.

జూన్ 9, ఆదివారం

పాత స్వభావాన్ని మాసిన చొక్కాలా విప్పి పారేయాలని పాస్టరు ప్రసంగం. చొక్కా ఉదాహరణ నాకు నచ్చలేదు. మా పనిలో పాత అట్ట పీకడం ఎవడైనా చేస్తాడు. కష్టమంతా పుస్తకం వీపున గట్టిపడ్డ పాత జిగురుతోనే. తడిపి, మెత్తబడేదాకా ఆగి, మొద్దు చాకుతో కాగితం తెగకుండా గీకాలి. అది ఉండగా కొత్త అట్ట వేస్తే, మొదటిసారి తెరిచినప్పుడే పటుక్కుమని ఊడుతుంది. ఆరాధన అయ్యాక ఈ మాట పాస్టరుతో అన్నాను. ఎంతో బాగుందని, సాక్ష్యంలో రాయమని అన్నాడు. రాయను. ఆయన కొట్టేసిన వాటికి బదులుగా నేనెందుకు ఇవ్వాలి?

నేను లోపలికి రావడం మొదలుపెట్టి ఏడాది అయింది. ఎవరూ పిలవలేదు. మా ఆవిడ ప్రతి వారం నన్ను వదిలేసి ఎక్కడ కూర్చునేదో ఒకసారి చూద్దామని వచ్చాను. మూడో వరసలో గోడ పక్క చోటు. కూర్చున్నాను. అందరూ కళ్లు మూసుకుంటే మర్యాదకు నేనూ మూసుకున్నాను. మళ్లీ తెరవబుద్ధి కాలేదు. నా మతమార్పిడి కథంతా ఇంతే. దీన్ని పన్నెండు పేజీలు చేయడానికే మిగతావాళ్ల సాయం కావలసివచ్చింది.

ఈ రోజు ఒక సంగతి గమనించాను. ఆ చోట్లో కూర్చుంటే కిటికీలోంచి బయటి బెంచీ కనిపిస్తుంది. బెంచీ మాత్రమే కనిపిస్తుంది.

గాలికోసం అక్కడ కూర్చునేదై ఉంటుంది.

ప్రసంగం మొదలుకాగానే లవంగం లేచి పక్క తలుపులోంచి జారుకున్నాడు. బెంచీ మీద కూర్చుని, అటూ ఇటూ చూసి వెలిగించాడు. ఇప్పుడు సొంత పెట్టె కొనుక్కుంటున్నాడన్న మాట. సాక్ష్యం తాజాగా ఉన్నందుకు నాకు సంతోషమైంది. ఆ సంతోషంతో ఇవాళ పాట కూడా పాడాను. గాలివాన నా వైపు తిరిగి చూశాడు.

జూన్ 12

రెండోసారి రాసింది తీసుకెళ్లాను. ఆరు పేజీలు. పాస్టరు ఇంటి వసారాలో కుర్చీ వేసి, అటూ ఇటూ తిప్పి చదివాడు.

"ఏడో పేజీ లేదేం?"

"తీసేశాను."

"తీసేశారా, దాచుకున్నారా?"

పిల్లవాడు కనిపించేంత అమాయకుడు కాదు. సిగరెట్టు మానేశాను, బూతులు మానేశాను, ఇంకేం కావాలని అడిగాను. కాల్చడం మానేశారు గాని అగ్గిపెట్టె ఇంకా జేబులోనే ఉందని అన్నాడు. అగ్గిపెట్టెలన్నీ ఏనాడో పారేశాను, పొయ్యి కూడా లైటరుతోనే వెలిగిస్తున్నానని చెప్పాను. నా చెయ్యి పట్టుకుని చాలాసేపు నవ్వాడు. నేను చెప్పినదానిలో నవ్వేది ఏముంది?

జూన్ 15

బీరువా అద్దం ముందు ఏడో పేజీ చెప్పి చూశాను. "రొట్టె పంచే చెయ్యి" అన్నచోట ఒక క్షణం ఆగాలి. ఆగితే అందరూ తలలు తిప్పుతారు. ఆనాడు నా వైపు తిప్పినట్టే.

బాగా వచ్చింది. మళ్లీ చెప్పాను. ఇంకా బాగా వచ్చింది. అద్దంలో ముసలాయన మాత్రం చూడ్డానికి బాగాలేడు.

జూన్ 18

చెల్లెమ్మ వచ్చింది. లవంగం భార్య. వాడితో మాట లేకపోయినా ఈవిడతో ఎప్పుడూ ఆగలేదు. బాప్తిస్మానికి దిగేవాళ్ల తెల్లబట్టలు సంఘంలో ఈవిడే కుడుతుంది. టేపు మెళ్లో వేసుకుని, గుండుసూదులు పెదవుల మధ్య పెట్టుకుని నా చుట్టూ తిరిగింది.

"చేతులు ఎత్తండి అన్నయ్యా. నడుము తగ్గిపోయిందే! సిగరెట్టు మానితే లావెక్కుతారంటారు."

"కోపం మిగిలింది కదమ్మా. అది కరిగించేస్తోంది."

"మీ బావమరిది ఇంకా మానలేదులెండి."

నేను ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. ఆమెకు తెలుసా? ఎప్పటినుంచి? అడిగితే సూదులు తీసి దిండుకు గుచ్చి, నా మొహంలోకి చూసి నవ్వింది.

"చొక్కాలు ఉతికేది నేను. లవంగాలు కొనేదీ నేనే. దేవుడి తర్వాత ముందు తెలిసింది నాకే."

"మరి ఊరుకున్నావా?"

"రోజూ అంటూనే ఉన్నాను. అంటే మానేవి అయితే మీరెప్పుడో మానేవారు. అసలు ఆయనకి అది నేర్పిందెవరనుకున్నారు?"

"ఎవరు?"

"బీరువాకి అద్దం ఉందిగా. వెళ్లి చూసుకోండి."

తర్వాత కూర్చుని, నెమ్మదిగా చెప్పింది. మా పెళ్లయిన కొత్తలో మా ఆవిడ తమ్ముణ్ణి పిలిచి, మీ బావ ఒక్కడే బయట కూర్చుంటున్నాడురా, వెళ్లి కాసేపు పక్కన కూర్చో అందట. దేవుడి మాట ఎత్తకు, ఎత్తితే లేచిపోతాడు, ఊరికే కూర్చో అందట. వాడు వచ్చాడు. నేను సిగరెట్టు చాపాను. వాడు అప్పటికి ఒక్కటీ ముట్టలేదు. వద్దంటే నేను లేచిపోతానేమోనని తీసుకున్నాడు.

వాడు దగ్గడం నాకు గుర్తుంది. కళ్లలో నీళ్లు తిరిగేలా దగ్గాడు. నేను నవ్వాను. నాలుగు వారాలకు వాడు దగ్గడం మానేశాడు. నేను వీపు తట్టాను.

"పడ్డవాణ్ణి లాగుదామని దిగి తనే మునిగిపోయాడు మా ఆయన" అంది చెల్లెమ్మ. "మీరు గట్టెక్కేశారు. ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు."

వాడు నిండు చర్చిలో నన్ను అన్న మాట గుర్తుచేశాను. మీరు సగంలో వెళ్లిపోయారు కదా, తర్వాత ఏమన్నారో వినలేదుగా అంది. నేను అడగలేదు. మీరు అడగరు, నేనే చెబుతానంది.

"'ఆయన పక్కన కూర్చోమని మా అక్క నన్ను పంపింది. లోపలికి తేవడం నా చేత కాలేదు. తప్పు ఆయనది కాదు, నాది.' అలా అని ఏడ్చారు అన్నయ్యా. మిగతా అందరూ విన్నారు. వినాల్సినవాళ్లు లేరు."

వెళుతూ వెళుతూ వాడి బైబిలు నా బల్ల మీద పెట్టింది. వీపు ఊడిపోయింది. ఖాళీగా ఉన్నారుగా, కట్టి పెట్టండి అంది.

జూన్ 19

చెల్లెమ్మ మొగుణ్ణి వెనకేసుకొచ్చింది. భార్యలంతే.

జూన్ 20

మా ఆవిడ మాత్రం నన్ను ఎప్పుడూ వెనకేసుకు రాలేదు.

వచ్చిందేమో. నేను బయట ఉన్నాను.

జూన్ 22

బైబిలు పని పట్టాను. అట్ట ఇంతకుముందు ఎవడో చవకగా వేశాడు. పాత జిగురు మీదే కొత్త జిగురు పూశాడు. అలాంటివాణ్ణి మా పనిలో ఏమంటారో ఇప్పుడు రాయకూడదు, బూతులు మానేశాను. తడి గుడ్డ వేసి, మెత్తబడ్డాక గీకాను. పేజీల మడతల్లోంచి లవంగం మొగ్గలు రాలాయి. చాలా ఉన్నాయి. వాటిని పారేయబోయి, ఒక చిన్న సీసాలో వేశాను. ఎందుకో తెలియదు.

కుట్టు గట్టిగా వచ్చింది. ముదురు నీలం గుడ్డ వేశాను. వాడికి నీలం ఇష్టమని కాదు. ఇంట్లో అదే ఉంది.

(ఎర్రది కూడా ఉంది.)

జూన్ 23, ఆదివారం

బైబిలును ముందు వరసలో వాడి చోట పెట్టి, దాని పక్కన పిప్పరమెంట్ల పొట్లం ఒకటి పెట్టాను. సిగరెట్టు మానే రోజుల్లో నాకు పనికొచ్చినవి అవే. వాడు వచ్చాడు, చూశాడు, బైబిలు తెరిచి వీపు నొక్కి చూశాడు. పొట్లం జేబులో వేసుకున్నాడు. వెనక్కి తిరగలేదు.

ప్రసంగం మొదలయింది. లేచి బయటికి వెళ్లి వెలిగించాడు. నా పిప్పరమెంట్లు జేబులో పెట్టుకుని!

ఏడో పేజీ మళ్లీ మొదటినుంచి చివరిదాకా చెప్పుకున్నాను, లోలోపల, పాస్టరు మాట్లాడుతుండగానే. ఒక్క అక్షరం మరిచిపోలేదు.

జూన్ 26

మూడోసారి. ఒకటే పేజీ. పాస్టరు చదివి, ఎర్ర పెన్సిలు చెవి మీదనుంచి తీయనే లేదు. ఇది మీరు రాసిందేనా అని అడిగాడు. ఇంతకంటే అవమానం నాకు జరగలేదు.

తర్వాత అసలు సంగతికి వచ్చాడు. తొట్టి మెట్లు నున్నగా ఉంటాయి, మీ మోకాళ్లు అంతంతమాత్రం, నేనొక్కణ్ణే పట్టుకోలేను, రెండో పక్క ఒక పెద్ద దిగాలి అన్నాడు. ఎవరైనా ఫరవాలేదు, ఒక్క లవంగం తప్ప అన్నాను. సంఘానికి ఉన్నదే ఇద్దరు పెద్దలు, రెండో ఆయన నడుం పట్టేసి మంచం మీద ఉన్నాడు తాతగారూ అన్నాడు. చెప్పేటప్పుడు మొహం ఎంత గంభీరంగా పెట్టాడంటే, ఆ రెండో ఆయనను మంచం ఎక్కించింది ఈయనేనేమో అనిపించింది.

గుమ్మం దాకా వచ్చి, కాగితంలోకి రానిది ఏమైనా ఉంటే ఆదివారం లోపల నా దగ్గరికి తెచ్చి పారేయండి అన్నాడు. ఆయన కొట్టేది కాగితం మీద. కంఠతా వచ్చినదాన్ని కొట్టే పెన్సిలు ఎక్కడ దొరుకుతుంది?

జూన్ 30, ఆదివారం

జ్వరం. వెళ్లలేదు. జ్వరమేమీ లేదు.

జూలై 3

తెల్లబట్టలు వచ్చాయి. వేసుకుని చూశాను. చెల్లెమ్మ జేబు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని కబురు చేస్తే, మీరు నీళ్లలోకి ఏం పట్టుకెళతారు అన్నయ్యా అని తిరిగి కబురు పంపింది. ఈ కుటుంబంలో అందరికీ నాలుక పదునే. నన్నొక్కణ్ణే అంటారు.

జూలై 6

వాడు రేపు ఒక్క మాటతో పెద్దరికం పోగొట్టుకుంటాడు. ఆ మాట నా నోట్లో ఉంది. వాడు చేసింది నిజం. నేను చెప్పబోయేదీ నిజం. నిజం చెప్పడం ఏ లెక్కన పాపమో ఎవరైనా చెప్పమనండి.

నేర్పింది నేనని చెబుతానా? అది ఏడో పేజీలో లేదు. చేర్చాలంటే పేజీ పొడుగైపోతుంది, బిగువు పోతుంది.

రేపు ఏం చెబుతానో నాకే తెలియదు. ఇంత వయసొచ్చాక నా నోరు నన్ను అడగకుండా మాట్లాడుతుందని ఒప్పుకోవడం చిన్నతనంగా ఉంది.

జూలై 7, ఆదివారం

వరసగా రాస్తాను, లేకపోతే కోపంలో తప్పిపోతుంది.

తెల్లబట్టలు వేసుకుని ముందుకు వెళ్లాను. తొట్టి వేదిక పక్కనే ఉంది. మెట్ల దగ్గర లవంగం, వాడూ తెల్లబట్టల్లోనే, భుజాన తువ్వాలుతో నిలబడ్డాడు. పాస్టరు రెండో పక్కన. కాగితం చదివాను. చిన్నదే. పాడైన నోరు, పెంచుకున్న పొగరు, కాల్చిన పొగ, ఇన్నేళ్లూ గోడ అవతల కూర్చోవడం, ఇప్పుడు లోపలికి ఎందుకు వచ్చాను, ఎవరి కోసం వచ్చి ఎవరి దగ్గర ఆగిపోయాను. చదవడం అయిపోయింది. మడిచాను.

"ఇంకొక్క మాట" అన్నాను.

పాస్టరు తలెత్తాడు. లవంగం చెయ్యి జేబు కోసం వెతికింది. ఆ బట్టలకీ జేబు లేదు. వాడి మొహం చూశాను. ఏం చెబుతానో వాడికి తెలుసు. కొంచెం తల వంచాడు, చెప్పేయ్ బావా అన్నట్టు. మొదటి రోజు సిగరెట్టు తీసుకున్నప్పుడు కూడా అచ్చం ఇలాగే తల వంచాడు.

ఏడో పేజీ మొదటి వాక్యం నాలుక మీదికి వచ్చింది. అక్కడే ఆగిపోయింది. గాలివాన దగ్గాడు.

"నేను బయట కూర్చున్నన్నాళ్లూ" అన్నాను, "ఒకాయన లోపల తన చోటు వదులుకుని వచ్చి నా పక్కన కూర్చునేవాడు. లోపలికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. ఆయన వల్ల నాకు మేలు జరిగింది. నా వల్ల ఆయనకు జరగలేదు. అంతే."

చివర ముల్లు లేకుండా నేను వదిలిన వాక్యం బహుశా అదొక్కటే. ఎంత బాగా వచ్చిందో! నా అంతట నేనే మురిసిపోయాను. ఇక అందరూ ఆమేన్ అంటారని చూస్తున్నాను.

లవంగం తువ్వాలు తీసి మెట్టు మీద పెట్టాడు.

"ఆ ఒకాయన నేనే" అన్నాడు.

ఎవరూ అడగలేదు! అడగకుండానే మొత్తం చెప్పేశాడు. ప్రసంగం జరిగేటప్పుడు బయటికి వెళ్లి సిగరెట్టు కాల్చేవాణ్ణని, ఇప్పటికీ కాలుస్తున్నానని, వాసన రాకుండా లవంగం పెట్టుకుంటానని, ఆ చేత్తోనే మీ అందరికీ రొట్టె పంచానని. మా బావకు అన్నీ తెలుసు, చెప్పే హక్కు ఉండీ చెప్పలేదు, కాబట్టి నేనే చెప్పుకోవాలి అన్నాడు. నేను కుట్టిన బైబిలు చేతిలో లేదు గాని, ఉంటే దాన్నీ చూపించేవాడే.

చర్చి అంతా ఏడ్చింది. గాలివాన అందరికంటే గట్టిగా, శ్రుతి లేకుండా ఏడ్చాడు. చెల్లెమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది. పాస్టరు వెళ్లి వాణ్ణి కావలించుకున్నాడు. నన్ను ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లికొడుకు నేనైతే పల్లకీ బావమరిది ఎక్కాడు. జన్మలో ఒక్కసారి నోరు మూసుకుని గొప్ప పని చేస్తే, అది గాలికి పోయింది.

చివరికి నేను ఉన్నానన్న సంగతి ఎవరికో గుర్తొచ్చింది. తొట్టిలోకి దిగాం. నీళ్లు చల్లగా ఉన్నాయి. కుడి చెయ్యి వాడు పట్టుకున్నాడు, ఎడమ చెయ్యి పాస్టరు.

"ఒరేయ్, నా రోజు పాడుచేశావు కదరా" అన్నాను, వాడికి మాత్రమే వినబడేలా.

"నాలుగేళ్ల తర్వాత మాట్లాడింది ఇదా బావా?"

"ఇంకేం అనమంటావు?"

"ఏమీ అనకు. నోరు మూసుకో. నీళ్లు పోతాయి."

మూసుకున్నాను. ముంచారు.

కింద ఏమైందో రాయను. నా దగ్గర మాటలకు కొదవ లేదు. కానీ ఉన్నవన్నీ పాతవి.

పైకి వచ్చాక మెట్టు మీద మోకాలు జారింది. వాడు వదల్లేదు. పాస్టరు నిజం చెప్పాడు, ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

జూలై 8

ఏడో పేజీ చెప్పుకుందామని చూశాను. మధ్యలో రెండు వాక్యాలు గుర్తురాలేదు.

జూలై 11

చెల్లెమ్మ వచ్చి చెప్పింది. కొంతకాలం రొట్టె పంచనని వాడే పాస్టరును అడిగాడట. సరేనన్నాడట. సిగరెట్టు మానే ప్రయత్నంలో ఇంట్లో అందరి మీదా కస్సుమంటున్నాడట. మీరు మానినప్పుడు మీ ఇంట్లో ఎవరూ లేకపోవడం ఎంత అదృష్టం అన్నయ్యా అంది.

అదృష్టమే. ఆ మాటకు నేను నవ్వలేదు, ఆమె కూడా నవ్వలేదు.

జూలై 14, ఆదివారం

మూడో వరసలో మా ఆవిడ చోట కూర్చున్నాను. ముందు వరసలో వాడు లేడు. చెల్లెమ్మ ఒక్కతే ఉంది. కిటికీలోంచి చూస్తే బెంచీ మీద ఉన్నాడు. చర్చి దాకా వచ్చి, లోపలికి రావడానికి మొహం చెల్లక అక్కడే కూలబడ్డాడు. మోకాళ్ల మీద నీలం బైబిలు. పొగ లేదు. కాలు ఆడిస్తూ నేలకేసి చూస్తున్నాడు.

ఆ చోట్లోంచి చూస్తే బయట ఒక్కడే కూర్చున్న మనిషి ఎలా కనిపిస్తాడో నాకు ఇవాళ తెలిసింది. గాలికోసం కాదు, ఆమె అక్కడ కూర్చున్నది.

ప్రసంగం మొదలయింది. లేచాను. ముసలాయన మళ్లీ సగంలో లేచాడని గాలివాన కనుబొమలు ఎగరేశాడు. ఎగరేసుకోనీ. పక్క తలుపు తీసుకుని బయటికి వచ్చాను. వాడు కొంచెం పక్కకు జరిగాడు. కూర్చున్నాను.

"ఏం బావా, సగంలో వచ్చేశావు?"

"గాలికోసం."

దేవుడి మాట ఎత్తలేదు. ఎత్తితే లేచిపోతాడు. వాడు జేబులో చెయ్యి పెట్టాడు. పిప్పరమెంట్ల పొట్లం తీశాడు. ఇంకా సగం అలాగే ఉంది. నాకొకటి ఇచ్చి, వాడొకటి వేసుకున్నాడు. తల మీద కిటికీలోంచి పాస్టరు గొంతు వస్తోంది, ఒక్కొక్క మాటా విడివిడిగా.

"ఇక్కడికి అంతా వినబడుతుంది కదా బావా?"

"ఊఁ."

"అన్నేళ్లూ వినబడిందా?"

పిప్పరమెంటును ఈ బుగ్గనుంచి ఆ బుగ్గకు మార్చుకున్నాను. నోట్లో ఏదైనా ఉన్నప్పుడు మాట్లాడకూడదని మా అమ్మ చెప్పేది.

ముగింపు ప్రార్థనకు అందరూ లేస్తున్న చప్పుడు వినిపించింది. మోకాలు పట్టేసిందిరా, చెయ్యివ్వు అన్నాను. ఇచ్చాడు. పక్క తలుపు దాకా తీసుకొచ్చి విడిపించుకోబోయాడు. గట్టిగా పట్టుకున్నాను. గడప దాటాక కూడా వదల్లేదు. ముందు వరస దాకా అలాగే నడిపించుకుపోయి, చెల్లెమ్మ పక్కన వాణ్ణి నిలబెట్టి, నేనూ నిలబడ్డాను.

మోకాలికి ఏమీ కాలేదు. అది అబద్ధమే. బాప్తిస్మం తీసుకుని వారమే అయింది. ఈ ఒక్కటీ చూసీ చూడనట్టు పోనివ్వమని కళ్లు మూసుకుని అడిగాను.